న్యాయ సందేహాలు: ఠాణా గడప ఎక్కినప్పుడు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో సగానికి పైగా పోలీసులకు సంబంధించినవే. ఒకే సందేహాన్ని పలువురు అడిగినచోట ఒక ఉత్తరాన్నే తీసుకున్నాను. రాసినవారి పేర్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: విజయవాడ నుంచి హైదరాబాద్‌కు రాత్రి బస్సులో వస్తుండగా నా సంచిలోని నాలుగు తులాల గొలుసు పోయింది. ఎల్బీనగర్‌లో దిగాక గాని గమనించలేదు. నగరంలోని ఒక ఠాణాకు వెళితే, బస్సు భోజనానికి ఆగినచోటే పోయి ఉంటుంది, అక్కడే ఇచ్చుకోండి అన్నారు. అక్కడికి వెళితే, మీరు గమనించింది హైదరాబాద్‌లో కదా అన్నారు. ఒకచోట తెల్లకాగితం మీద ఫిర్యాదు తీసుకున్నారు గాని రసీదు ఇవ్వలేదు. ఇప్పుడు నేనేం చేయాలి?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, మిమ్మల్ని రెండు ఊళ్ల మధ్య తిప్పడం తప్పు. అది మర్యాదకు మాత్రమే కాదు, చట్టానికీ విరుద్ధం. 2024 జులై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలులోకి వచ్చింది. నేరం ఏ ప్రాంతంలో జరిగినా సరే, కేసు పెట్టదగిన నేరమైతే ఏ ఠాణాలోనైనా సమాచారం నమోదు చేయాలని దాని 173వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. జనం నోట నలిగిన ‘జీరో ఎఫ్‌ఐఆర్’ ఇదే. నమోదు చేసిన ఠాణావారే ఆ కాగితాన్ని సరైన పరిధికి పంపుకోవాలి. పరిధి వెతుక్కునే పని ఫిర్యాదుదారుది కాదు.

ఇది కొత్తగా పుట్టిన ఆలోచన కూడా కాదు. కేసు పెట్టదగిన నేరం జరిగినట్టు సమాచారం అందితే ఎఫ్‌ఐఆర్ నమోదు తప్పనిసరి అని లలితాకుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013లోనే తీర్పు చెప్పింది. ఠాణాకు అందిన ప్రతి సమాచారమూ అక్కడి రోజువారీ నమోదు పుస్తకమైన జనరల్ డైరీలోకి ఎక్కాలన్నది కూడా ఆ తీర్పులోనే ఉంది. అయినా 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలు కనిపించకుండా పోయిన రాత్రి, ఆమె కుటుంబాన్ని ‘ఇది మా పరిధి కాదు’ అంటూ తిప్పారన్న ఆరోపణ వచ్చింది. కేసు నమోదులో జాప్యానికి ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. పరిధి అనే చిన్న మాట ఎంత ఖరీదైనదో తెలుగువారికి వేరే ఉదాహరణ అక్కరలేదు.

మీ విషయంలో ఒక మెలిక ఉంది. మూడేళ్లు మొదలుకొని ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాలలో, డి.ఎస్.పి. స్థాయి అధికారి అనుమతితో, కేసు నమోదుకు ముందు 14 రోజుల్లో ప్రాథమిక విచారణ జరిపే వీలును కొత్త చట్టం కల్పించింది. మామూలు దొంగతనం ఈ కోవలోకే వస్తుంది గాని, బస్సులోంచి వస్తువు దొంగిలిస్తే ఏడేళ్ల వరకు శిక్ష ఉంది కనుక అది ఈ కోవలోకి రాదు. అయినా మీది మామూలు దొంగతనంగా రాసుకుని ‘విచారణలో ఉంది’ అని మీకు చెప్పవచ్చు. అలా చెబితే డి.ఎస్.పి. అనుమతి ఏ తేదీన తీసుకున్నారో అడగండి. అనుమతి లేని విచారణకు ఈ సెక్షన్ ఆసరా ఉండదు, ఆచరణలో దానికి అంతమూ ఉండదు. నా అనుభవంలో సామాన్యుల ఫిర్యాదులు ఎక్కువగా ఇంకిపోయేది ఇక్కడే. ఇన్ని యాప్‌లు, ఇన్ని కెమెరాలు వచ్చినా ఠాణాలో రైటరు పుస్తకంలోకి ఎక్కని ఫిర్యాదుకు ఉనికి లేదు.

ఇప్పుడు చేయవలసినది చెబుతాను. మీ ఫిర్యాదును మళ్లీ రాసి, బస్సు టికెట్టు, గొలుసు కొన్న బిల్లు నకళ్లు జతచేయండి. ఈ-మెయిల్ వంటి ఎలక్ట్రానిక్ మార్గంలో కూడా సమాచారం పంపవచ్చు గాని, మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం చేస్తేనే అది నమోదుకు ఎక్కుతుంది. ఎఫ్‌ఐఆర్ అయితే నకలు మీకు ఉచితంగా ఇవ్వాలి. కాకపోతే జనరల్ డైరీ నమోదు సంఖ్య అడిగి రాసుకోండి. ఠాణావారు నిరాకరిస్తే ఫిర్యాదు సారాంశాన్ని రిజిస్టర్డ్ పోస్టులో జిల్లా ఎస్.పి.కి, నగరమైతే పోలీస్ కమిషనర్ కార్యాలయానికి పంపండి. పోస్టాఫీసు ఇచ్చే చిన్న రసీదు పారేయకండి. అక్కడా ఫలితం లేకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. అప్పుడు మీరు ముందు ఠాణాకు, ఆ తరువాత ఎస్.పి.కి వెళ్లారని రుజువు చేసేవి ఆ రసీదులే. కేసు నమోదయ్యాక దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా మీకు తెలియజేయవలసిన బాధ్యత దర్యాప్తు అధికారిపై ఉంది. ఆ తేదీని క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. మా అమ్మగారు 68 ఏళ్ల విశ్రాంత ఉపాధ్యాయిని, గుంటూరులో ఒంటరిగా ఉంటారు. ఆమె ఆధార్‌తో మత్తుమందుల పార్శిల్ దొరికిందని పోలీసు దుస్తుల్లో ఉన్న వ్యక్తి వీడియో కాల్ చేసి, ‘డిజిటల్ అరెస్టు’లో ఉన్నారని, కాల్ కట్ చేయవద్దని బెదిరించాడు. అదృష్టవశాత్తు పక్కింటి పిన్నిగారు వచ్చి ఫోను లాక్కున్నారు. నిజమైన పోలీసులు కూడా ఇప్పుడు వాట్సాప్‌లో నోటీసులు పంపుతారని విన్నాను. అసలుకూ నకిలీకీ తేడా ఎలా తెలుసుకోవాలి?
— ఒక పాఠకుడు

జవాబు: డిజిటల్ అరెస్టు అనే పదార్థమే మన చట్టంలో లేదు. అరెస్టు అంటే అధికారి ఎదురుగా వచ్చి, కారణం చెప్పి, పత్రం రాసి, బంధువులకు తెలియజేసి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచవలసిన ప్రక్రియ. తెర మీద జరిగేది బందిపోటుతనం. మోసగాళ్లు వెనుక గోడకు జాతీయ చిహ్నం తగిలించి, నకిలీ కోర్టు హాలును కూడా ఏర్పాటు చేస్తున్నారు కాబట్టి చూడటానికి నమ్మశక్యంగానే ఉంటుంది.

మీరడిగిన వాట్సాప్ విషయం ముఖ్యమైనది. విచారణకు హాజరు కమ్మని నిందితునికి పోలీసులు ఇచ్చే నోటీసు ఇప్పుడు కొత్త సంహిత 35వ సెక్షన్ కిందికి వస్తుంది. పాతవాళ్లు దీన్ని ‘41ఏ నోటీసు’ అంటారు. దీన్ని వాట్సాప్‌లోగాని మరే ఎలక్ట్రానిక్ మార్గంలోగాని ఇస్తే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో సతేందర్ కుమార్ అంతిల్ కేసులో ఆదేశించింది. కోర్టు జారీచేసే సమన్లు వేరు, వాటిని ఎలక్ట్రానిక్‌గా పంపే ఏర్పాటు చట్టంలో ఉంది. అయితే ఏ కోర్టూ వీడియో కాల్ చేసి డబ్బు బదిలీ చేయమనదు.

అమ్మగారికి మరొక ధైర్యం చెప్పండి. సాక్షిగా విచారించవలసి వచ్చినా స్త్రీలను, 60 ఏళ్లు దాటిన పురుషులను వారి నివాసానికి కాక వేరొక చోటికి రమ్మని పోలీసులు ఒత్తిడి చేయకూడదు. మూడేళ్ల లోపు శిక్ష పడే నేరంలో 60 ఏళ్లు దాటినవారిని అరెస్టు చేయాలంటే డి.ఎస్.పి. స్థాయి అధికారి ముందస్తు అనుమతి కావాలి.

డబ్బు పోయి ఉంటే మాత్రం ఒక్క క్షణం ఆలోచించకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి. పోయిన సొమ్ము మొదట ఒక ఖాతాలో పడి, అక్కడి నుంచి కమీషన్‌కు అద్దెకు తెచ్చిన పలు ఖాతాల్లోకి ముక్కలై వెళ్లి, చివరకు నగదుగానో క్రిప్టోగానో మాయమవుతుంది. 1930కు అందిన సమాచారం నేరుగా ఆయా బ్యాంకులకు చేరి, ఇంకా కదలని మొత్తాన్ని ఎక్కడికక్కడ నిలిపివేస్తారు. అందుకే మొదటి గంట విలువైనది. కొడుకుతో మాట్లాడి చేద్దాం, తెల్లవారాక చూద్దాం అనుకుంటే ఆలోగా డబ్బు చేతులు మారిపోతుంది. అలా నిలిచిన సొమ్మును తెలంగాణలో లోక్ అదాలత్ ఉత్తర్వుల ద్వారా బాధితులకు తిరిగి ఇప్పిస్తున్నారు. అందుకు కూడా ఫిర్యాదు సంఖ్య ఉండాలి. ఫోన్‌లో చెప్పడంతో సరిపెట్టకుండా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో వివరాలు నింపి ఆ సంఖ్య భద్రపరచుకోవాలి. సొమ్ము పోకపోయినా మీ అమ్మగారికి వచ్చిన కాల్ నంబరును ఆ పోర్టల్‌లో తెలియజేయవచ్చు. పక్కింటి పిన్నిగారికి నా నమస్కారాలు.

ప్రశ్న: హైదరాబాద్‌లో రాత్రి షిఫ్టు ముగించుకుని వస్తుంటే వాహనం ఆపి, గంజాయి తనిఖీ అంటూ నా ఫోన్ లాక్ తీయించి వాట్సాప్ సందేశాలు చదివారు. తరువాత ట్యాబ్‌తో నా ముఖం ఫోటో తీసుకున్నారు. ఏమీ దొరక్క వదిలేశారు. వారికి ఆ అధికారం ఉందా? ఆ ఫోటో ఏమవుతుంది?
— ఒక పాఠకుడు

జవాబు: రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి, విడదీద్దాం.

మత్తుపదార్థాల చట్టం కింద, నమ్మదగిన కారణం ఉంటే బహిరంగ స్థలంలో మనిషిని ఆపి సోదా చేసే అధికారం పోలీసులకు ఉంది. ఒంటి మీద సోదా చేయబోతే గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు సమక్షంలో చేయమని కోరే హక్కు 50వ సెక్షన్ మీకిస్తుంది. ఫోన్‌లోని సందేశాలు చదవడం అలాంటిది కాదు. దర్యాప్తుకు ఫోన్ అవసరమైతే దాన్ని సమర్పించమని ఠాణా అధికారి లిఖితపూర్వకంగా ఆదేశించాలి. సోదాకైతే కారణాలు రాసుకోవాలి, సోదాను, స్వాధీనాన్ని వీడియో తీయాలి. దారిన పోయేవాళ్ల ఫోన్లు వరుసగా తెరిపించి ‘గంజాయి’ అనే మాట వెతకడం ఇందులో ఏ మెట్టుకూ సరిపోదు. 2021 అక్టోబరులో హైదరాబాద్‌లో ఇలాంటి తనిఖీల వీడియోలు బయటికి వచ్చినప్పుడు, జనం ఇష్టపూర్వకంగానే ఇచ్చారన్న సమర్థన వినిపించింది. లాఠీ పట్టుకున్న మనిషి అర్ధరాత్రి చెయ్యి చాపితే ఇచ్చేదాన్ని ఇష్టం అనవచ్చునా? 2017 నాటి సుప్రీంకోర్టు పుట్టస్వామి తీర్పుతో వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అయింది కాబట్టి, దానిలో జోక్యానికి చట్టం, న్యాయమైన అవసరం, ఆ అవసరానికి తగిన మోతాదు ఉండాలి.

ఇక ఫోటో సంగతి. తెలంగాణ పోలీసుల టీఎస్‌కాప్ యాప్‌లో 2018 నుంచి ముఖ గుర్తింపు సదుపాయం ఉంది. కెమెరాకు చిక్కిన ముఖాన్ని యంత్రం అంకెలుగా మార్చి, దగ్గరున్న పాత నేరస్థుల, తప్పిపోయినవారి చిత్రాలతో పోల్చి చూస్తుంది. అది ఇచ్చేది పోలిక, గుర్తింపు కాదు. వెలుతురు చాలకపోయినా, పాత చిత్రం మసకగా ఉన్నా తప్పు మనిషిని చూపగలదు. తప్పిపోయిన పిల్లల్ని ఇంటికి చేర్చడంలో ఈ సాంకేతికత చేసిన మేలును నేను కాదనను. పిల్లవాణ్ని వెతకడానికి తెచ్చిన వల రోడ్డు మీద వెళ్లే ప్రతివాని మీదా పడటమే నా అభ్యంతరం. 2022లో వచ్చిన నేరప్రక్రియ గుర్తింపు చట్టం ఫోటోలు, వేలిముద్రలు, కనుపాప వివరాలు సేకరించి 75 ఏళ్లు ఉంచుకునే వీలిచ్చింది గాని, అది ప్రధానంగా శిక్షపడినవారికి, అరెస్టయినవారికి, నిర్బంధంలో ఉన్నవారికి సంబంధించినది. పనినుంచి ఇంటికి పోతున్న మీరు అందులో ఏ కోవకూ చెందరు. 2021 లాక్‌డౌన్‌లో హైదరాబాద్ రోడ్డు మీద మాస్కు తీయించి ఫోటో తీసిన ఘటనపై ఒక సామాజిక కార్యకర్త వేసిన వ్యాజ్యంలో, 2022 జనవరిలో తెలంగాణ హైకోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. మీరు తేదీ, సమయం, స్థలం, వాహనం నంబరు రాసిపెట్టుకుని, ఏ చట్టం కింద ఫోటో తీశారో, ఎంతకాలం ఉంచుతారో సమాచార హక్కు చట్టం కింద కమిషనర్ కార్యాలయాన్ని అడగండి.

ప్రశ్న: ఠాణాలో మన ఫోన్‌తో వీడియో తీస్తే అధికార రహస్యాల చట్టం కింద కేసు పెడతారా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఆ చట్టంలో చెప్పిన ‘నిషిద్ధ స్థలం’ కిందికి పోలీస్ ఠాణా రాదని బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం 2022లో తీర్పిచ్చింది. అయితే విధులకు అడ్డుపడ్డారనే కేసు వేరు. లైంగిక నేరానికి బాధితురాలైన స్త్రీ ముఖమో, కేసుతో సంబంధమున్న పిల్లల ముఖమో వీడియోలో పడి బయటికి వెళ్తే మీరే నేరస్థులవుతారు.

ప్రశ్న: పొలం గట్టు తగాదాలో మా తమ్ముణ్ని ఠాణాకు పిలిచి కొట్టారు. ఏ కేసూ రాయలేదు. ఇది జరిగి మూడు వారాలైంది. ఠాణాలో కెమెరాలు ఉన్నాయి. ఆ దృశ్యాలు మాకు ఇస్తారా?
— ఒక పాఠకుడు, ప్రకాశం జిల్లా

జవాబు: ప్రతి ఠాణాలో లోపలి, బయటి ద్వారాలు, లాకప్పు, వరండా, అధికారుల గదులతో సహా ఏ మూలా మిగలకుండా, మాటలు కూడా రికార్డయ్యే కెమెరాలు ఉండాలని 2020 డిసెంబరు 2న పరంవీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. దృశ్యాలను 18 నెలలు, అంత సామర్థ్యమున్న పరికరాలు దొరకకపోతే కనీసం ఏడాది పాటు, భద్రపరచాలి. కెమెరాలు పనిచేసేలా చూడటం ఠాణా అధికారి బాధ్యత. ఆచరణ వేరని మీకూ తెలుసు, నాకూ తెలుసు. రాజస్థాన్‌లో కొద్ది నెలల్లో 11 మంది కస్టడీలో మరణించారన్న పత్రికా వార్త ఆధారంగా, పనిచేయని కెమెరాల విషయాన్ని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తనంత తానుగా విచారణకు చేపట్టవలసి వచ్చింది.

దృశ్యాలు మీకు నేరుగా ఇవ్వకపోవచ్చు. అందుచేత ముందు అడగవలసినది నకలు కాదు, చెరిపివేయవద్దని. ఏ తేదీ, ఏ గంట నుంచి ఏ గంట వరకు దృశ్యాలు కావాలో పేర్కొంటూ, వాటిని భద్రపరచాలని ఎస్.పి.కి రిజిస్టర్డ్ పోస్టులో ఈరోజే రాయండి. ఆ నకలు జతచేసి రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేయండి, దృశ్యాలను తెప్పించుకునే అధికారం దానికుంది. దెబ్బల ఆనవాళ్లు ఇంకా ఉంటే ప్రభుత్వాసుపత్రిలో చూపించి, ఎవరు కొట్టారో చెప్పి రాయించండి. గట్టు తగాదా సివిల్ వ్యవహారం, అది తేల్చే అధికారం ఠాణాకు లేదు. మళ్లీ పంచాయితీకి రమ్మంటే నోటీసు కాగితం మీద ఇవ్వమని అడగండి.

ప్రశ్న: మావారు కానిస్టేబులు. వారం సెలవు కాగితం మీదే ఉంది. బందోబస్తు, కోర్టు డ్యూటీ కాక ఇప్పుడు ప్రతి సోదాకూ వీడియో తీయడం వీరి నెత్తినే పడింది. వారు నోరెత్తలేరు. భార్యగా నేను రాయవచ్చునా?
— పేరు, ఊరు వద్దన్న ఒక పాఠకురాలు

జవాబు: రాయవచ్చు. 1966 నాటి పోలీసు బలగాల హక్కుల నియంత్రణ చట్టం సంఘం పెట్టుకోవడం, పత్రికలకెక్కడం వంటి విషయాల్లో మీవారి చేతులు కడుతుంది, మీ చేతులు కట్టదు. అయినా కుటుంబం గొంతెత్తితే దెబ్బ ఉద్యోగి మీద పడటం చూశాం. 2024 అక్టోబరులో తెలంగాణ ప్రత్యేక పోలీసు సిబ్బంది భార్యలు రోడ్డెక్కి ఆందోళన చేసిన తరువాత 39 మంది సస్పెండయ్యారు, 10 మంది ఉద్యోగాలే పోగొట్టుకున్నారు. కాబట్టి వీధికెక్కకుండా, మీ సంతకంతో, ఠాణా పేరు లేకుండా, డి.జి.పి. కార్యాలయానికీ హోం శాఖకూ అర్జీ పంపండి. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసులకు వారపు సెలవు 2019లో ప్రకటించినదే కనుక మీరు కోరుతున్నది కొత్త వరం కాదు.

దర్యాప్తు చేసేవారిని శాంతిభద్రతల విధుల నుంచి వేరు చేయమని ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది. అది సరిగా జరిగి ఉంటే పొద్దున ఊరేగింపు బందోబస్తు చేసిన మనిషే రాత్రి పంచనామా రాయవలసి వచ్చేది కాదు. వీడియో విషయంలో మాత్రం ఒక జాగ్రత్త చెప్పండి. సోదా దృశ్యాలు ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు చేరాలి. అందుకోసమే ‘ఈ-సాక్ష్య’ యాప్ వచ్చింది. సొంత ఫోన్ గ్యాలరీలో తీసి తరువాత పంపుదామనుకుంటే, రేపు బోనులో ఆ ఫోన్ గురించి ప్రశ్నలన్నీ ఎదుర్కొనేది మీవారే. శాఖ ఫోన్ గాని ట్యాబ్ గాని ఇవ్వలేదంటే, ఇవ్వలేదన్న మాటను ఆరోజు డైరీలో రాయించుకోమనండి.