ఇంజిన్ వేడెక్కుతోంది, బలం తగ్గింది: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మేము నలుగురు మిత్రులం కలిసి 1978 నాటి సెస్నా 172ఎన్ విమానాన్ని నడుపుకొంటున్నాం. చాలాకాలం హ్యాంగర్‌లోనే ఉండిపోయిన విమానాన్ని ఈ వేసవిలో మళ్లీ బయటికి తీశాం. నేలమీద పూర్తి థ్రాటిల్ ఇచ్చినా 2220 ఆర్పీఎం దాటడం లేదు. పైకెక్కేటప్పుడు సిలిండర్ హెడ్ ఉష్ణోగ్రత 450 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా పోతోంది, ఆయిల్ కూడా బాగా కాగుతోంది. మాగ్నెటోల (ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించే పరికరాల) పరీక్షలో తేడా ఏమీ కనబడలేదు. సిలిండర్లు విప్పాలని ఒకరు, కార్బ్యురేటర్ మార్చాలని మరొకరు అంటున్నారు. ముందు ఏది చేయించమంటారు?
— ఒక పాఠకుడు, ఇర్వింగ్, టెక్సాస్

జవాబు: ఆ రెండింటిలో ఏదీ ఇప్పుడే అవసరం లేదు. అయితే కారణం తేలేవరకు విమానాన్ని ఎగరేయకండి. మీ మోడల్‌కు నేలమీద పూర్తి థ్రాటిల్‌లో 2280 నుంచి 2400 ఆర్పీఎం రావాలి కనుక, మీ అంకె నిజమే అయితే ఇంజిన్ బలం తగ్గినట్టే. అది నిజమో కాదో ముందు తేల్చుకోవాలి. కేబుల్‌తో నడిచే పాత టాకోమీటర్లు (ఆర్పీఎం చూపే మీటర్లు) ఏళ్లు గడిచేకొద్దీ తక్కువ చూపించడం మామూలే కాబట్టి, కాక్‌పిట్‌లో కూర్చునే అద్దంలోంచి ప్రొపెల్లర్ వైపు ఆప్టికల్ టాకోమీటర్ పట్టి కొలవండి. సిలిండర్ హెడ్ ప్రోబ్‌ను విప్పించి మరుగుతున్న నీళ్లలో ముంచితే 212 డిగ్రీలకు దగ్గరగా చూపాలి. విమానం కాగితాల్లో ప్రొపెల్లర్ పిచ్ (దాని రెక్కల వాలు) ఎంతో కూడా చూడండి. వెనుకటి యజమాని వేగం కోసం పిచ్ పెంచి ఉంటే, ఇంజిన్‌లో ఏ లోపమూ లేకుండానే ఆర్పీఎం తగ్గుతుంది, విమానం నెమ్మదిగా ఎక్కుతుంది.

కొలతలు సరైనవేనని తేలితే, నేను ముందుగా అనుమానించేది జ్వలన సమయాన్ని, అంటే సిలిండర్‌లో నిప్పురవ్వ పడే క్షణాన్ని. మీ పరీక్షలో తేడా కనబడలేదన్న మాటే ఆ అనుమానానికి కారణం. మీ విమానం పుట్టినప్పుడు దానికి అమర్చిన 160 హార్స్‌పవర్ లైకమింగ్ ఓ-320-హెచ్2ఏడీ ఇంజిన్‌లో రెండు మాగ్నెటోలూ ఒకే పెట్టెలో ఉండి, ఒకే షాఫ్ట్‌తో తిరుగుతాయి. ఆ పెట్టె బిగింపు సడలి కొంచెం జరిగిందంటే, లేదా బిగించిన రోజునే తప్పుగా బిగించి ఉంటే, రెండింటి సమయమూ ఒకేలా మారుతుంది కనుక, ఒకదాన్ని ఆపి రెండోదానితో నడిపినప్పుడు ఆర్పీఎం ఎప్పటిలాగే తగ్గి ఏ దోషమూ బయటపెట్టదు. విడివిడి మాగ్నెటోలున్న ఇంజిన్లకు అలవాటుపడ్డ మెకానిక్ ఇక్కడే మోసపోతాడు. నిప్పురవ్వ ముందుగా పడితే సిలిండర్ హెడ్లు కాగుతాయి, డిటొనేషన్ (ఇంధనం ఒక్కసారిగా పేలినట్టు మండటం) ప్రమాదం పెరుగుతుంది; ఆలస్యంగా పడితే బలం తగ్గి, ఎగ్జాస్ట్ వాయువు వేడెక్కుతుంది. ఇంజిన్ డేటా ప్లేట్ మీద ఉన్న డిగ్రీలతో సరిచూడటం మెకానిక్‌కు పెద్ద పనేమీ కాదు.

రెండో అనుమానం పూర్తి థ్రాటిల్‌లో ఇంధనం చాలకపోవడం. కార్బ్యురేటర్‌ను తప్పుపట్టేముందు, దాని దాకా వచ్చే దారిని చూడాలి: ట్యాంకు గాలిగొట్టం, స్ట్రెయినర్, కార్బ్యురేటర్ ముఖం దగ్గరున్న జాలీ. మీ విమానంలో ఇంధనం దానంతట అదే కిందికి జారి వస్తుంది కాబట్టి, ముక్కు పైకెత్తిన భంగిమలో గొట్టం విప్పి ఎంత వస్తోందో కొలవవచ్చు. టేకాఫ్‌లో ఇంజిన్ తాగేదానికి ఒకటిన్నర రెట్లు రావాలి. ఇన్‌టేక్ గొట్టాల రబ్బరు జాయింట్ల నుంచి గాలి దూరడాన్ని చాలామంది ఇలాంటి సమస్యకు కారణంగా చెబుతారు. నేను దాన్ని వెనక్కి నెడతాను, ఎందుకంటే గొట్టంలో పీడనం బయటి గాలికన్నా చాలా తక్కువగా ఉండే ఐడిల్‌లోనే ఆ దోషం గట్టిగా తెలుస్తుంది. పూర్తి థ్రాటిల్‌లో దాని ప్రభావం స్వల్పం.

మఫ్లర్‌ను తప్పకుండా చూడించండి. లోపలి రేకు విరిగి బయటికి పోయే దారికి అడ్డుపడితే బలమూ తగ్గుతుంది, వేడీ పెరుగుతుంది. ఆ ముక్క కదులుతూ ఉంటుంది గనుక ఈ లక్షణం ఒక రోజు ఉండి మరో రోజు మాయమవుతుంది. మఫ్లర్‌కు పగులుంటే క్యాబిన్ హీటర్ ద్వారా కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది. ఈ ఒక్క కారణానికైనా ఆ పని వాయిదా వేయకూడదు.

ఇంజిన్ చాలాకాలం తిరగలేదన్నారు. లైకమింగ్ ఇంజిన్లలో వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్, పిస్టన్లు తిప్పే క్రాంక్‌షాఫ్ట్‌కు పైన ఉంటుంది; ఆయిలంతా కిందికి జారిపోయాక అది పొడిబారి తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన క్యామ్, వాల్వులను నెట్టే ట్యాపెట్లతో రాసుకుని అరిగితే వాల్వులు చాలినంత తెరుచుకోవు, ఇంజిన్ మృదువుగానే నడుస్తూ బలం కోల్పోతుంది. మీ హెచ్2ఏడీకి ఈ విషయంలో మొదటినుంచీ చెడ్డపేరే. ఆయిల్ ఫిల్టర్‌ను కోసి ఇనుప రవ్వలున్నాయేమో చూడండి. రాకర్ల కవర్లు తీసి వాల్వు ఎంత లేస్తోందో కొలిపించండి. కంప్రెషన్ పరీక్ష మాత్రం క్యామ్ అరుగుదలను పట్టుకోలేదు. అది చెప్పేది రింగుల, వాల్వుల సంగతి. 80 పౌండ్ల పీడనం ఎక్కిస్తే 70కి పైన నిలిచి, నాలుగు సిలిండర్లలోనూ ఇంచుమించు సమానంగా వస్తే సిలిండర్లను ముట్టుకోవద్దు.

ఇక వేడి మాట. మీరు చెప్పిన 450, లైకమింగ్ గరిష్ఠ హద్దు 500కు లోపలే ఉన్నా, క్రూయిజ్‌లో 400 దాటకుండా నడిపితేనే ఇంజిన్ ఎక్కువకాలం మన్నుతుంది. కౌలింగ్ (ఇంజిన్ మీది మూత) విప్పినప్పుడు, గాలిని సిలిండర్ల వైపు మళ్లించే బ్యాఫిల్ రేకుల అంచులకున్న సిలికాన్ పట్టీలు గట్టిపడి వెనక్కి ముడుచుకున్నాయేమో చూడండి. గాలి సిలిండర్ల మీదనుంచి కిందికి దిగాలి. పట్టీ పక్కనుంచి తప్పించుకున్న గాలి చల్లార్చదు. నిలిపి ఉంచిన విమానంలో సిలిండర్లను చల్లార్చే రేకుల్లాంటి రెక్కల మధ్య కందిరీగల మట్టిగూళ్లు కూడా ఉండవచ్చు. అన్నీ సరిచేశాక, వేసవిలో త్వరగా ఎత్తు అందించే 73 నాట్ల దగ్గర పట్టుబట్టి ఎక్కించకుండా 80 నుంచి 85 నాట్లతో ఎక్కండి.

ప్రశ్న: బేగంపేట నుంచి మే నెల మధ్యాహ్నాల్లో ఎగిరినప్పుడు శిక్షణ విమానం బద్ధకంగా ఎక్కుతుంది. ఇది ఇంజిన్ లోపమా?
— ఒక విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: చాలావరకు గాలి పలచబడటమే. బేగంపేట సముద్రమట్టానికి సుమారు 1740 అడుగుల ఎత్తున ఉంది. 40 డిగ్రీల సెల్సియస్ ఎండలో అక్కడి గాలి సాంద్రత 5000 అడుగులు దాటిన ఎత్తులో ఉండే గాలితో సమానం కనుక, టర్బో లేని ఇంజిన్ తన బలంలో దాదాపు 15 శాతం నేలమీదే కోల్పోతుంది. ఆ ఎత్తుకూ, ఆ వేడికీ విమానం పుస్తకంలోని పట్టిక ఎంత క్లైంబ్ ఇస్తుందో చూసి, మీకు వచ్చినదానితో పోల్చండి. చల్లని ఉదయం కూడా పట్టికకన్నా తక్కువే వస్తుంటే, ఆ రోజు ఉష్ణోగ్రతతో సహా లోపాల పుస్తకంలో రాసి ఇంజినీరుకు చూపండి.