రిపేర్ అయ్యాక కూడా కారులో కూలెంట్ వాసన పోవట్లేదా? ముందు కార్పెట్ ఎత్తి చూడండి

లీకైన హీటర్ కోర్ (కారు లోపలికి వేడిగాలి ఇచ్చే చిన్న రేడియేటర్, కూలెంట్ దీనిలోంచే తిరుగుతుంది) మార్పించి మూడు వారాలైనా బ్లోయర్ వేస్తే చాలు తియ్యటి వాసన గుప్పుమంటోందని, మెకానిక్‌ని అడిగితే "నాలుగు రోజులు అద్దాలు దించుకుని తిప్పండి, అదే పోతుంది" అన్నాడని మీరు రాశారు. నాకూ అచ్చం ఇదే మాట చెప్పారు. నేను నాలుగు రోజులు కాదు, రెండు నెలలు తిప్పాను. పోలేదు.

అది దానంతటది ఎందుకు పోదంటే, ఇంజన్‌ని చల్లబరిచే ఈ కూలెంట్‌లో ఉండేది చాలావరకు ఇథిలీన్ గ్లైకాల్, నీళ్లు. నీళ్లు ఆరిపోతాయి. గ్లైకాల్ మరగాలంటే 197 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి, కాబట్టి ఎండలో పెట్టినంత మాత్రాన ఆరదు. కొద్దికొద్దిగా ఆవిరవుతూ నెలల తరబడి వాసన కొడుతూనే ఉంటుంది. పైగా గాలిలోని తేమని కూడా పీల్చుకుంటుంది. కాకపోతే మనకు కలిసొచ్చే సంగతి ఒకటుంది: అది నీళ్లలో ఇట్టే కలిసిపోతుంది. అంటే దాన్ని ఆరబెట్టకూడదు, కడగాలి. ఈ ఒక్క ముక్క నాకు ముందే తెలిసుంటే పెర్ఫ్యూములకీ వాసన పీల్చే బొగ్గు సంచులకీ పెట్టిన డబ్బు మిగిలేది. పెర్ఫ్యూమ్ కొట్టిన రోజు రెండు వాసనలూ కలిసి తల తిప్పింది, అదొక్కటే దానివల్ల జరిగింది.

కడిగే ముందు లీకు నిజంగా ఆగిందో లేదో చూసుకోండి. పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రిజర్వాయర్ (బానెట్ కింద కూలెంట్ ఉండే డబ్బా) మీద కూలెంట్ ఎక్కడిదాకా ఉందో మార్కర్‌తో గీత పెట్టి, వారం రోజులు గమనించండి. రిపేర్ అయిన కొత్తలో లోపల చిక్కుకున్న గాలి బయటికి పోయి ఒకసారి కాస్త దిగడం మామూలే. ఆ తర్వాత కూడా దిగుతూనే ఉంటే ప్రెషర్ టెస్ట్ (ఒత్తిడి పెట్టి లీకు ఉందేమో చూసే పరీక్ష) చేయించండి, మిగతా పనంతా దాని తర్వాతే. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు కూలెంట్ మూత మాత్రం తియ్యొద్దు.

ఇంకో చిన్న పరీక్ష. బయటి గాలి లోపలికి రాకుండా రీసర్క్యులేషన్ బటన్ నొక్కి నడపండి. వాసన తగ్గితే, రిపేర్‌లో బానెట్ కింద ఒలికిన కూలెంట్ ఇంజన్ వేడికి కాలుతోందన్నమాట. బయటి గాలి ముందు అద్దం కింది నుంచే కదా వచ్చేది. ఇంజన్ చల్లారాక ఒలికిన చోట తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది. నా కారులో రీసర్క్యులేషన్ పెడితే వాసన ఇంకా పెరిగింది. దొంగ లోపలే ఉన్నాడు.

ముందు సీటు దగ్గర కార్పెట్ మీద చెయ్యి పెడితే పొడిగానే ఉంది. రెండు నెలలు మోసపోయింది అక్కడే. ఒక ఆదివారం తలుపు గడప మీది ప్లాస్టిక్ పట్టీ ఊడదీసి కార్పెట్ మూల ఎత్తాను. కింద అంగుళం మందాన ఫోమ్ ఉంది. దాని మీద తెల్ల టిష్యూ పేపర్ వేసి బొటనవేలితో నొక్కితే గులాబీ రంగు మరక పాకింది, వేళ్లకి జిగురుగా అంటుకుంది. గ్యారేజీలో పైన తుడిచి వదిలేశారు, కింద ఇంకినదాని జోలికి ఎవరూ పోలేదు.

గ్లవ్స్ వేసుకుని, గోరువెచ్చటి నీళ్లలో కొద్ది చుక్కలు గిన్నెల సబ్బు కలిపి ఫోమ్ మీద కొంచెం కొంచెంగా పోసి, తడి పీల్చే వాక్యూమ్‌తో లాగేశాను. తర్వాత ఉత్త నీళ్లతో అదే పని, మొత్తం ఆరుసార్లు. టిష్యూ మీద రంగు పడకపోయాకే ఆపాను. సీటు విప్పాల్సి వస్తే కింద ఎయిర్‌బ్యాగ్ వైర్లు ఉంటాయి, అది తెలిసినవాళ్లతోనే చేయించండి. లాగిన నీళ్లు ఎక్కడపడితే అక్కడ పారబొయ్యొద్దు. గ్లైకాల్ తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలూ పిల్లులూ నాకుతాయి, కొంచెం తాగినా వాటి ప్రాణం మీదికొస్తుంది. పిల్లలకీ అంతే ప్రమాదం.

ఆరబెట్టడంలో నేను తొందరపడ్డాను. మర్నాడే కార్పెట్ వేసేస్తే కూలెంట్ వాసన పోయి ముక్కిన వాసన పట్టుకుంది. మళ్లీ ఎత్తి, కింద చెక్క ముక్క పెట్టి, మూడు రోజులు ఫ్యాన్ గాలి కొట్టించాల్సి వచ్చింది. ఫోమ్ విడిగా వచ్చే మోడల్ అయితే ఈ తంటా ఎందుకు, కొత్తది వేసేయండి.

కారు లోపలికొచ్చే గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్ ఎలాగూ మార్చాలి, పాతది వాసన పట్టేసి ఉంటుంది. ముందు అద్దం లోపలివైపు నూనె పూసినట్టు పొర ఉంటే అదీ కూలెంట్ ఆవిరే, తుడిచేయండి. వీటన్నిటికంటే మొండిది హీటర్ కోర్ కూర్చునే పెట్టె. లీకైనప్పుడు దాని అడుగున కూలెంట్ నిలిచిపోతుంది, డాష్‌బోర్డ్ విప్పినప్పుడే కడగాలి. మీవాళ్లు కడిగారా లేదా అని సూటిగా అడగండి. కడగలేదంటే, కార్పెట్ శుభ్రమయ్యాక కూడా బ్లోయర్ వేసినప్పుడల్లా వాసన వస్తూనే ఉంటుంది, అప్పుడు మళ్లీ విప్పించడం తప్పదు. వాసన పోగొట్టడానికి ఓజోన్ వాయువు వదిలే మెషీన్ పెట్టిస్తామంటే మాత్రం నేనైతే ఒప్పుకోను. అది ఊపిరితిత్తులకీ రబ్బరు భాగాలకీ చెడ్డది, ఫోమ్‌లో ఉన్న గ్లైకాల్ మాత్రం అక్కడే ఉంటుంది.

నాకు కడిగాక ఇంకో పది రోజులకి దాదాపు పూర్తిగా తగ్గింది. ఎండలో నిలిపిన కారు తలుపు తీసినప్పుడు మా ఆవిడకి ఇంకా లీలగా తెలుస్తుందట, నా ముక్కుకైతే అందట్లేదు.