పాస్‌వర్డ్‌ని కమాండ్ లైన్‌లో కొట్టకు

అమ్మలూ,

ఆఫీసులో సాంబా షేర్ (లినక్స్ సర్వర్‌లోని ఫోల్డర్‌ని నెట్‌వర్క్ మీద అందరికీ పంచేది) పెట్టి అందరి సిస్టమ్‌లకీ కలిపే పని నీకు అప్పజెప్పారని తెలిసి సంతోషించాను. ఆ షేర్‌ని సిస్టమ్‌లో ఒక ఫోల్డర్‌లా తగిలించడానికి నువ్వు పంపిన మౌంట్ కమాండ్ పనిచేస్తుంది. కానీ అందులో పాస్‌వర్డ్ అక్షరాలతో సహా కనిపిస్తోంది. ముందు అది తీసెయ్.

కమాండ్‌తో కలిపి కొట్టిన పాస్‌వర్డ్ రెండు చోట్ల బయటపడుతుంది. ఒకటి బ్యాష్ హిస్టరీ ఫైలు, అంటే కొట్టిన కమాండ్లు దాచుకునే ఫైలు. రెండోది ప్రాసెస్ లిస్టు, అంటే నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా: కమాండ్ నడుస్తున్నంతసేపూ ఆ మెషీన్‌లోకి లాగిన్ అయిన మరెవరైనా పీఎస్ కమాండ్ కొట్టి చూసేయవచ్చు. షేర్‌లోకి వెళ్ళి చూసే ఎస్ఎంబీక్లయింట్ కమాండ్ తన వంతుగా ఆ లిస్టులోంచి పాస్‌వర్డ్‌ని చెరిపేస్తుంది గానీ, ఆ లోపు దొరికే సందు చాలు. కాబట్టి ఇప్పటిదాకా వాడిన పాస్‌వర్డ్ ఈరోజే మార్చు. హిస్టరీలో ఆ వరుస తీసేస్తే సరిపోదు, అది మెయిల్‌లో నాదాకా కూడా వచ్చేసింది.

ఒక్కసారి చూసుకోవడానికైతే యూజర్ పేరు మటుకే ఇవ్వు, పాస్‌వర్డ్ అదే అడుగుతుంది. విండోస్‌లో నెట్ యూజ్ కమాండ్‌కి పాస్‌వర్డ్ స్థానంలో నక్షత్రం గుర్తు పెట్టినా అంతే.

బూట్ కాగానే మౌంట్ అవ్వాలంటే ఏవేం మౌంట్ చెయ్యాలో ఉండే ఎఫ్‌స్ట్యాబ్ ఫైల్లో రాయాలి కదా, ఆ ఫైలు అందరూ చదవగలరు. అందుకే పాస్‌వర్డ్‌ని విడిగా క్రెడెన్షియల్స్ ఫైల్లో పెట్టి, ఎఫ్‌స్ట్యాబ్‌లో దాని దారి మాత్రం ఇవ్వు. రూట్‌గా లాగిన్ అయ్యి, ముందు యూమాస్క్ 077 (కొత్త ఫైళ్ళు మరెవరికీ తెరుచుకోకుండా చేసేది) కొట్టి, తరవాత నానో ఎడిటర్‌లో కొత్త ఫైలు తెరువు. అప్పుడు ఆ ఫైలు పుట్టడమే 600 పర్మిషన్‌తో, అంటే రూట్ ఒక్కరే చదివి రాయగలిగేలా, పుడుతుంది. ఎకో కమాండ్‌తో ఫైల్లోకి పంపావంటే పాస్‌వర్డ్ మళ్ళీ హిస్టరీకెక్కుతుంది.

ఫైల్లో రెండు వరుసలు చాలు: యూజర్‌నేమ్ ఒకటి, పాస్‌వర్డ్ ఒకటి. ఈ రెండు మాటలూ ఇంగ్లిష్‌లో రాసి, ఒక్కోదాని పక్కన సమానం గుర్తు, ఆ వెంటనే అసలు పేరో పాస్‌వర్డో రాయి. సమానం గుర్తుకి అటూ ఇటూ ఖాళీ వదలొద్దు, కొటేషన్ గుర్తులు పెట్టొద్దు. మౌంట్ వాటిని కూడా పాస్‌వర్డ్‌లో భాగంగానే తీసుకుంటుంది. కమాండ్‌లో కామా ఉన్న పాస్‌వర్డ్ ఇస్తే అక్కడికే తెగిపోతుంది, ఈ ఫైల్లో ఆ బాధ లేదు. ఫైలుని విండోస్ నోట్‌ప్యాడ్‌లో చేసి తెచ్చావంటే మాత్రం వరుస చివర కంటికి కనపడని అక్షరం ఒకటి అంటుకుని వస్తుంది, పాస్‌వర్డ్ సరైనదే అయినా లోపలికి రానివ్వదు. ఫైల్లో ఉన్నది చూపే క్యాట్ కమాండ్‌కి మైనస్ పెద్ద ఏ (-A) తగిలించి చూడు. వరుస చివర టోపీ గుర్తూ ఎమ్ కనిపిస్తే అదే దొంగ.

సర్వర్ వైపు ఒక్కొక్కరికి ఒక్కో అకౌంట్ ఇవ్వు. అందరికీ ఒకటే ఇస్తే ఒకరు ఉద్యోగం మానినప్పుడు అందరి పాస్‌వర్డూ మార్చాల్సి వస్తుంది. యూజర్‌యాడ్‌లో నోలాగిన్ షెల్ (సర్వర్‌లోకి నేరుగా లాగిన్ కానివ్వనిది) ఇచ్చి, తరవాత ఎస్ఎంబీపాస్‌డబ్ల్యూడీ మైనస్ ఏ తో సాంబా పాస్‌వర్డ్ పెట్టు. అది లినక్స్ పాస్‌వర్డ్ కంటే వేరుగా ఉండి తీరాలి. సాంబా దాచేది సాల్ట్ లేని ఎమ్‌డీ4 హ్యాష్ (పాస్‌వర్డ్‌ని లెక్కకట్టి మార్చిన రూపం; సాల్ట్ అంటే ముందు దానికి కలిపే యాదృచ్ఛిక అక్షరాలు), ఆ డేటాబేస్ ఎవరి చేతికైనా చిక్కితే చిన్న పాస్‌వర్డ్‌లు నిలవవు. మానేసినవాళ్ళ అకౌంట్‌ని అదే ఎస్ఎంబీపాస్‌డబ్ల్యూడీకి మైనస్ డీ ఇచ్చి ఆపు. అప్పటికే తెరిచి ఉన్న సెషన్ దానంతటది తెగదు, ఎవరెవరు లోపల ఉన్నారో చూపే ఎస్ఎంబీస్టేటస్‌లో చూసి ఆ ప్రాసెస్‌ని కూడా ఆపాలి.

లాగిన్‌లో పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు నెట్‌వర్క్ మీద పోదు, ఫైళ్ళు మాత్రం ఉన్నదున్నట్టే పోతాయి. జీతాల లెక్కలున్న షేర్‌కి సాంబా మాట్లాడే ఎస్ఎంబీ ప్రోటోకాల్‌లో 3.1.1 వెర్షన్ వాడి, మౌంట్ ఆప్షన్లలో సీల్ (పోయే డేటాని గుప్తీకరించేది) చేర్చు.

మౌంట్ చేసేటప్పుడు ఎర్రర్ 13 (అనుమతి లేదనేది) వస్తే కంగారుపడి పాస్‌వర్డ్‌లు మార్చుకుంటూ పోకు. అదే క్రెడెన్షియల్స్ ఫైలుని ఎస్ఎంబీక్లయింట్‌కి మైనస్ పెద్ద ఏ తో ఇవ్వు. లాగాన్ ఫెయిల్యూర్ అంటే పేరో పాస్‌వర్డో తప్పు. యాక్సెస్ డినైడ్ అంటే లాగిన్ కుదిరింది, షేర్‌లో అనుమతి లేదు; కాన్ఫిగ్‌లో వ్యాలిడ్ యూజర్స్ వరుస చూడు. హోస్ట్ ఈజ్ డౌన్ అని ఎర్రర్ 112 వస్తే చాలాసార్లు సర్వర్ బాగానే ఉంటుంది, ప్రోటోకాల్ వెర్షన్ కలవదు. అప్పుడు వెర్షన్ 1.0 పెట్టమని ఎవరు చెప్పినా వినకు. 2017లో ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై పాకింది ఎస్ఎంబీ 1లోని లోపం పట్టుకునే. సాంబా 4.11 నుంచి దాన్ని డిఫాల్ట్‌గా ఆపేశారు. పాత స్కానర్ ఏదైనా అదే కావాలంటే, ఆ స్కానర్‌ని మార్పించు.

ఇట్లు,
మామయ్య