కొత్త పెట్టలకు గూడు అలవాటయ్యేదాకా

సంతలో కోళ్లు కొని తెచ్చుకున్నవాళ్ల ఉత్తరాలు ఈసారి ఎక్కువగా వచ్చాయి. అందుకే ఈ శీర్షిక మొత్తం వాటికే ఇచ్చాం.

ప్రశ్న: మాది గజపతినగరం దగ్గర పల్లె. సంతలో నాలుగు నాటు పెట్టలు, ఒక పుంజు కొన్నాం. మా ఆయన పెరట్లో వెదురుతో, జాలీతో కొత్త గూడు కట్టారు. తెచ్చిన రోజే కోళ్లను బయట వదిలేస్తే సాయంత్రానికి ఒకటి పక్కింటి గడ్డివాము ఎక్కింది, రెండు చింతచెట్టు ఎక్కాయి. టార్చిలైటు పట్టుకుని పట్టుకొచ్చేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఇప్పుడు గూట్లో పెట్టి మూశాం కానీ మేత సరిగ్గా ముట్టట్లేదు, మూలకు నక్కి ఉంటున్నాయి. టెన్షన్‌గా ఉంది. ఎప్పుడు వదలాలి?

జవాబు: మూసిపెట్టి మంచి పని చేశారమ్మా, ఇంకో వారం రోజులు అలాగే ఉంచండి. కోడికి ఇల్లంటే రాత్రి పడుకున్న చోటే. వెలుతురు తగ్గుతుంటే అలవాటైన చోటికి తనంతట తానే వెళ్లిపోతుంది, అలవాటైన చోటంటూ లేకపోతే ఎత్తుగా ఏది కనిపిస్తే అది ఎక్కేస్తుంది, మీ పెట్టలు చేసింది అదే. ఓ వారం రాత్రులు ఒకే కర్ర మీద పడుకుని, అక్కడే తిని, అక్కడే నీళ్లు తాగాయంటే ఆ తర్వాత మీరు తోలక్కర్లేదు, పొద్దుగూకే వేళకు అవే గూడు చేరతాయి. కాలికి తాడు కట్టి గుంజకు కట్టేయడం మన పల్లెల్లో మామూలే గానీ దయచేసి ఆ పని చేయకండి. బెదిరినప్పుడల్లా ఎగిరి లాక్కుని కాలు వాచిపోతుంది, కుక్క వస్తే పారిపోయే దారి కూడా ఉండదు.

ఇక మేత సంగతి. కాళ్లు కట్టి తలకిందులుగా వేలాడదీసి, గంపలో కుక్కి, ఎండలో తిప్పి తెచ్చిన కోడి ఒకట్రెండు రోజులు సరిగ్గా తినదు, దానికి భయపడకండి. ముందు చూడాల్సింది నీళ్లు. మొదటి రోజు లీటరు నీళ్లలో ఒక పెద్ద చెంచాడు బెల్లం కలిపి పెట్టండి, సాయంత్రానికి మిగిలింది పారబోసి గిన్నె కడిగేయండి, ఎందుకంటే బెల్లం నీళ్లు పులిస్తే విరేచనాలు పట్టుకుంటాయి. మర్నాటి నుంచి మామూలు మంచినీళ్లు చాలు. ఒక్కో పెట్ట రోజుకు పావు లీటరు దాకా తాగుతుంది, ఎండాకాలంలో ఇంకా ఎక్కువే. మేత కూడా ఒక్కసారిగా మార్చకండి. నూకలు, చోళ్లు (రాగులు), గంటెలు (సజ్జలు) తిని పెరిగిన కోడి ముందు దుకాణంలో కొన్న దాణా పోస్తే అది తిండి అని కూడా దానికి తెలియదు. నూకల్లో కొద్దికొద్దిగా దాణా కలుపుతూ వారం పది రోజుల్లో మార్చుకోండి.

అసలు తింటున్నాయో లేదో తెలుసుకోవడానికి తేలిక దారి ఒకటుంది. రాత్రి కర్ర ఎక్కాక ఒక్కోదాన్నీ మెల్లగా పట్టుకుని, మెడ దిగువన రొమ్ము పైభాగంలో వేలితో తడమండి. తిన్న కోడికి అక్కడ మేత సంచి గింజలతో నిండుగా తగులుతుంది, తినని కోడికి చర్మం తప్ప ఏమీ తగలదు. తెల్లారేసరికి ఆ సంచి ఖాళీ అయిపోవాలి. రెండు రాత్రులు వరసగా ఖాళీగా తగిలితే ఆ కోడిని వేరే గంప కింద పెట్టి మేత దగ్గరగా పెట్టండి, మూడో రోజుకీ మార్పు లేకపోతే పశువైద్యుడికి చూపించండి. చేత్తో పట్టుకున్నప్పుడే తోక కింద ఈకలు విడదీసి కూడా చూడండి. ఈకల మొదట్లో తెల్లగా ముద్ద కట్టినట్టు కనిపిస్తే అవి పేల గుడ్లు. సంత కోళ్లకు ఇవి ఉండటం చాలా మామూలు. గూట్లో ఒక మూల తొట్టెలో పొడి మట్టి, కట్టెల బూడిద కలిపి పోస్తే అందులో పొర్లి చాలామటుకు అవే వదిలించుకుంటాయి, మరీ ఎక్కువుంటే మందు ఆసుపత్రిలో అడిగి వాడాలి గానీ పొలానికి కొట్టే పురుగుమందు కోడి ఒంటికి రాయకూడదు.

గూట్లో కర్ర ఎక్కడుందో మీరు రాయలేదు. చేతి కర్రంత లావున్న వెదురు, ఒక్కో కోడికి 8 నుంచి 10 అంగుళాల చోటు, అదీ గుడ్ల బుట్టకన్నా ఎత్తులో ఉండాలి. బుట్ట ఎత్తులో ఉంటే అందులోనే పడుకుని రెట్టలతో నింపేస్తాయి, తర్వాత గుడ్లన్నీ ఆ మురికిలోనే. కర్ర ఎక్కకుండా నేల మీదే పడుకుంటుంటే చీకటి పడ్డాక ఒక్కోదాన్నీ ఎత్తి కర్ర మీద కూర్చోబెట్టండి. చీకట్లో కోడికి చూపు ఆనదు కాబట్టి దిగదు, తెల్లారి అక్కడే లేస్తుంది, నాలుగైదు రోజుల్లో తానే ఎక్కుతుంది.

మొదటిసారి వదిలేది పొద్దున కాదు, సాయంత్రం. పొద్దుగూకడానికి గంట ముందు తలుపు తీయండి, ఆ మధ్యాహ్నం మేత తగ్గించండి, చీకటి పడబోతుంటే రోజూ మేత వేసేటప్పుడు ఎలా పిలుస్తారో అలాగే పిలిచి గూట్లోనే వేయండి. ఆకలి మీదున్న కోడి వచ్చి తీరుతుంది. రోజుకు కాస్త ముందు వదులుకుంటూ పోండి. వర్షం పడే రోజు, ఇంట్లో చుట్టాలున్న రోజు ఈ పని పెట్టుకోవద్దు.

ప్రశ్న: నరసన్నపేటలో ఉంటాం. ఇంట్లో ముందే ఆరు పెట్టలున్నాయి. కొత్తగా మూడు తెచ్చి వాటితోనే వదిలాను. మా పాత పెట్ట ఒకటి కొత్తదాని నెత్తి మీద పొడిచి రక్తం కళ్లజూసింది. ఎలా కలపాలి?

జవాబు: ముందు ఆ దెబ్బ తగిలినదాన్ని ఈరోజే పక్కకు తీసేయండి. ఎర్రగా కనిపించిన చోటల్లా మిగతావన్నీ పొడుస్తాయి, వదిలేస్తే చంపేస్తాయి. గాయం కడిగి, ఆరి పక్కు కట్టేదాకా విడిగానే ఉంచాలి.

మిగతా రెండింటినీ కూడా విడదీయండి. దీనికి పోట్లాట ఒక్కటే కారణం కాదు, జబ్బు ఇంకా పెద్ద కారణం. ఊళ్లో కొక్కెర తెగులు అనే అంటుజబ్బు మొదలవగానే ఉన్న కోళ్లను సంతకు తరలించి అమ్మేసుకునేవాళ్లు ఉంటారు, ఆ కోడి కొన్నరోజు చక్కగానే కనిపిస్తుంది, లోపలున్న తెగులు బయటపడటానికి రెండు రోజుల నుంచి రెండు వారాల దాకా పట్టొచ్చు. అందుకే కొత్తవి ఏవైనా మూడు వారాలు వేరే చోట, వేరే గిన్నెలతో ఉండాలి, మేత ముందు పాత కోళ్లకు వేసి తర్వాతే కొత్తవాటి దగ్గరకు వెళ్లాలి, తిరిగొచ్చాక కాళ్లూ చేతులూ కడుక్కోవాలి. పచ్చగా, తెల్లగా పలచటి రెట్టలు, నోరు తెరిచి ఊపిరి తీయడం, మెడ వంకర తిరగడం కనిపిస్తే ఇక కలిపే మాటే వద్దు, వెంటనే పశువుల ఆసుపత్రికి కబురు చేయండి, పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ చేసినా సరే. ఉన్నట్టుండి కోళ్లు వరసగా చచ్చిపోతుంటే వాటిని చెరువులోనో గెడ్డలోనో పారేయకండి, కూర కూడా వండుకోకండి, ముందు ఆసుపత్రికి చెప్పండి. మీరు ఇప్పటికే ఒకసారి కలిపారు కాబట్టి పాతవాటి మీద కూడా ఈ మూడు వారాలూ కన్నేసి ఉంచండి.

మూడు వారాలు దాటాక మధ్యలో జాలీ పెట్టి పక్కపక్కన వారం ఉంచండి, చూసుకుంటాయి గానీ పొడుచుకోలేవు. ఆ తర్వాత ఒక రాత్రి కొత్తవి మూడింటినీ ఒకేసారి పాతవాటి కర్ర మీద పెట్టండి, ఒక్కొక్కటిగా అసలు వద్దు. తెల్లారగానే మీరు అక్కడ ఉండాలి. కాస్త తరుముకోవడం, ఈకలు పట్టి లాగడం ఉంటుంది, ఎవరు పెద్దో తేల్చుకునేదాకా అది తప్పదు, రక్తం రానంతవరకు మధ్యలోకి వెళ్లకండి. మేత, నీళ్లు రెండు చోట్ల ఎడంగా పెట్టండి, పెరట్లో కట్టెల మోపో పాత గంపో అడ్డంగా పెడితే బెదిరింది దాని వెనక్కి పోతుంది. ఒక్క పెట్టే పనిగట్టుకుని పొడుస్తుంటే దెబ్బలు తినేదాన్ని కాదు, పొడిచేదాన్నే నాలుగు రోజులు వేరుగా పెట్టండి. తిరిగొచ్చేసరికి దాని పెత్తనం తగ్గుతుంది. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, పాపం దెబ్బలు తిన్న కోడే మళ్లీ కొత్తదవుతుంది.

ప్రశ్న: గ్రామప్రియ రకం పెట్టలు, గుడ్లు పెడుతున్నాయని చెబితే తెచ్చాం. రెండు వారాలైంది, ఒక్క గుడ్డు లేదు. మోసపోయామా? (బొబ్బిలి)

జవాబు: అప్పుడే ఆ మాట అనుకోకండి. చోటు మారితే గుడ్లు ఆగడం సహజం, వారం నుంచి మూడు వారాల దాకా పట్టొచ్చు. ఈకలు రాల్చడం మొదలుపెడితే రెండు నెలలు కూడా అవుతుంది. పెట్టను పట్టుకుని తోక కింద రెండు పక్కలా తగిలే సన్నటి ఎముకల మధ్య వేళ్లు పెట్టి చూడండి. రెండు మూడు వేళ్లు పడుతూ, మలద్వారం వెడల్పుగా తడిగా ఉంటే అది గుడ్లు పెట్టే కోడే, ఒక్క వేలే పడుతూ పొడిగా ముడుచుకుని ఉంటే ఇప్పుడు పెట్టట్లేదని అర్థం. మొదటిది అయితే గుడ్లు ఎక్కడో తుప్పల్లో పెడుతోందేమో వెతకండి. గుడ్లు ఎక్కువగా పొద్దుటి పూటే పెడతాయి కాబట్టి కొన్నాళ్లు పదకొండు దాకా గూట్లోనే ఉంచండి, బుట్టలో గడ్డి వేసి ఒక గుడ్డు వదిలేయండి. గుడ్డు పెంకు గట్టిగా రావడానికి ఆల్చిప్పలు దంచి చిన్న గిన్నెలో విడిగా పెట్టండి, సముద్రం దగ్గరి ఊళ్లవాళ్లకు అది ఖర్చులేని పని.

ప్రశ్న: అమ్మినాయన వ్యాక్సిన్ వేశామన్నాడు. మళ్లీ వేయించాలా? (టెక్కలి)

జవాబు: వేయించండి, ఆ మాట మీద ఆధారపడొద్దు. తెచ్చిన వారం లోపు మాత్రం వద్దు, అలిసిన కోడికి, జబ్బుగా ఉన్న కోడికి వేయకూడదు. గూడు అలవాటై, మేత బాగా తింటున్నాక, రెండు నెలలు దాటిన కోళ్లకు కొక్కెర తెగులుకు ఆర్2బి టీకా వేస్తారు. ఈ టీకా సీసా ఒకటి 100 కోళ్లకు సరిపోతుంది. ఐస్ మీద తేవాలి, ఒకసారి కలిపాక గంట రెండు గంటల్లో అయిపోవాలి, ఇంటికి తెచ్చి దాచుకునేది కాదు. ఐదు కోళ్లవాళ్లు ఒక్కరే వెళ్లి అడిగితే ఆసుపత్రివాళ్లు ఇబ్బంది పడేది అందుకే. వీధిలో కోళ్లున్న ఇళ్లన్నీ మాట్లాడుకుని ఒకే పొద్దున గంపల్లో మూసిపెట్టి, రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుణ్ణి పిలిస్తే అందరిదీ ఒకే సీసాతో అయిపోతుంది. ఎండలు ముదరకముందే పెట్టుకోండి. అమ్మిన మనిషి నిజంగానే ముందే వేయించి ఉన్నా మళ్లీ వేయడం వల్ల ఆరోగ్యంగా ఉన్న కోడికి నష్టం లేదు.

ప్రశ్న: ముంగిస భయం ఉంది. గూడు కింద ఏం చేయాలి? (పలాస)

జవాబు: కోడి తల దూరే జాలీ ముంగిసను ఆపదు. కింద రెండడుగుల దాకా అర అంగుళం కంత జాలీ వేయించి, అడుగు లోతున మట్టిలోకి దించండి. తలుపుకు రాత్రిపూట గడియతో పాటు కొక్కెం కూడా ఉండాలి. రేకుల కప్పు అయితే ఎండకు తాటాకులో కొబ్బరాకులో పైన కప్పి తాడుతో గట్టిగా బిగించండి. 2018లో తిత్లీ తుఫాను చూసిన మీ ఉద్దానం వాళ్లకు తాడు ఎంత గట్టిగా కట్టాలో నేను చెప్పక్కర్లేదు.