పచ్చగ పుట్టిందని కుక్కపిల్లకు స్నానం చేపియ్యకుండ్రి

మీ కుక్క పెట్టిన నాలుగు పిల్లల్ల ఒకటి ఆకుపచ్చగ ఉన్నది, రోగమా, కడిగితే పోతదా అని అడిగిన్రు కదా. రోగం కాదు, కడగొద్దు. మా ఇంట్ల అచ్చం ఇట్లనే అయింది కాబట్టి గింత గట్టిగ చెప్తున్న.

మాది హన్మకొండ. రెండేండ్ల కింద డిసెంబర్ల, మస్తు చలి, మా గల్లీ కుక్క రాణి మా మెట్ల కింద గోనెసంచి మీద పిల్లలు పెట్టింది. పొద్దుగాల పాల ప్యాకెట్ తీస్కుందామని పోయిన అవ్వ "ఓరి లెవ్వురా, ఒకదానికి నాచు పట్టింది" అని నన్ను లేపింది. ఫోన్ లైటు కొట్టి చూస్తే మూడు నల్లయి, ఒకటి తెల్లది, ఆ తెల్లదాన్ని పెసరపిండిల పొర్లిచ్చినట్టే ఉన్నది, నెత్తి, వీపు మంచి పచ్చగ, పొట్ట దగ్గర జర లేతగ, ముక్కు మాత్రం గులాబి రంగు. వేలు పెట్టి రాసిన, వేలికేం అంటలే. రాణి గుర్రుమన్నది, చెయ్యి గుంజుకున్న.

ఎనిమిది కొట్టేసరికి గల్లీ గల్లీ మా మెట్ల కాడనే. ఒకాయన హోలీ రంగు పోసిన్రు అంటడు, పై ఇంటి అత్తమ్మ పచ్చకామెర్లు, నేల ఉసిరి పసరు తాపియ్యిమంటది. రోజు రాణిని చూస్తే రాయి పట్టే పోరగాళ్లు ఆ రోజు సెల్ఫీలకు లైన్ల నిలవడ్డరు, ఒక్కడు ఇంత అన్నం పెట్టలే. ఆ లొల్లికి అది బెదిరి, పిల్లల్ని ఒక్కొక్కటే నోట కరుచుకొని పక్కింటి బండి వెనుకకు మార్చింది. నా లెక్కల పిల్లలకు రంగు కంటె మనుషులే ఎక్కువ ప్రమాదం.

పశువుల డాక్టరుకు ఫోటో చూపెడితే నవ్విండు. తల్లి కడుపుల పిల్లతోటి ఉండే మాయల రక్తం విరిగినప్పుడు బిలివర్డిన్ అనే పచ్చ రంగు తయారైతదట, అది ఉమ్మనీళ్లల్ల కలిస్తే తెల్ల బొచ్చుకు పడ్తది, నల్లదానికి పట్టినా కనపడది. మనకు దెబ్బ తాకి కమిలిన కాడ కొన్ని రోజులకు పచ్చగ తేలుతది సూడు, అదే సరుకు. కామెర్లల్ల పసుపు రంగు తెచ్చే బిలిరుబిన్ కూడ దీన్నుంచే వస్తదట, అంటే అత్తమ్మ ఊరు తప్పింది కాని రోడ్డు తప్పలే. 2020ల ఇటలీ దిక్కు సార్డీనియా దీవిల ఇట్లనే ఒకటి పుడితే పిస్తా అని అర్థం వచ్చే పేరే పెట్టిన్రు. మా అవ్వ దీనికి పెసరి అని పెట్టింది.

ఇగ ఇంకో కథ. రెండు గల్లీల అవతలాయన వచ్చి, లక్ష్మి కళ ఉన్నది, నాకే కావాలె అని అవ్వ చేతుల ఐదొందలు పెట్టిపోయిండు. తల్లి నాకిన కొద్ది వీపు మీద రంగు పాయె, ఆఖరుకు చెవుల మొదట్ల, కాలి వేళ్ల సందుల మిగిలింది, రెండు వారాలకు అదీ పాయె. ఆయనొచ్చి పిల్లను మార్చిన్రు అని లొల్లి, ఐదొందలు వాపస్ తీస్కునే దాక పోలే. పుట్టిన రంగు చూసి కుక్కను బుక్ చేసుకునేటోళ్లకు గట్లనే కావాలె. డాల్మేషియన్ పిల్లలు కూడ తెల్లగనే పుడ్తయి, మచ్చలు పది పదిహేను రోజులకు తేల్తయి, ఆ ముచ్చట తెల్వక డూప్లికేట్ అనేటోళ్లను చూసిన నేను.

స్నానం ఎందుకొద్దంటె, పుట్టిన పిల్లకు తన ఒంటి వేడి తను నిలుపుకునే శక్తి ఉండది, తడిపితే చల్లవడి పోతది. పాలు గుంజుతుందా, ఒళ్లు వెచ్చగున్నదా చూడుండ్రి, రంగు సంగతి తల్లి చూసుకుంటది.

ఇంకోటి, మళ్ల కాన్పుకు అక్కరకొస్తది. ఒక్క పిల్ల కూడ బయటికి రాకముందే తల్లికి పచ్చటి నీళ్లు వస్తే మాత్రం నవ్వుకుంట ఫోటోలు దిగకుండ్రి, మాయ ఊడినట్టు లెక్క, పిల్ల వెంటనే రాకపోతే బండెక్కిచ్చి డాక్టరు కాడికి ఉరుకుండ్రి.