టికెట్టు చవకే, ప్రయాణమే ఖరీదు!
(విమాన ప్రయాణాలపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ప్రశ్న: మా అబ్బాయి, కోడలు, ఇద్దరు మనవలు బెంగళూరులో ఉంటారు. ఏటా సంక్రాంతికి రాజమండ్రి విమానం ధర చూస్తే గుండె గుభేలుమంటోందండి. ఎప్పుడు కొంటే తగ్గుతుంది? అర్ధరాత్రి దాటాక చూస్తే చవకని, ఫోన్లో హిస్టరీ చెరిపేసి చూడాలని అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: హిస్టరీ చెరిపినా, అర్ధరాత్రి దాకా మేలుకున్నా నిద్ర చెడటం తప్ప ఒరిగేదేమీ లేదు. ధర పెరిగే తీరు వేరు. విమానంలో సీట్లన్నీ ఒకే ధరకు అమ్మరు, మెట్లు మెట్లుగా విడగొడతారు. కింది మెట్టు సీట్లు అయిపోగానే ధర పై మెట్టుకు ఎక్కుతుంది. పెద్ద ఎయిర్‌బస్‌లో 180, అంతకు పైగా సీట్లుంటే, రాజమండ్రి విమానాశ్రయమైన మధురపూడిలో దిగే చిన్న ఏటీఆర్‌లో 78కి మించవు. పండక్కి ఆ కింది మెట్లు ఇట్టే ఖాళీ అయిపోతాయి.

ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. మీరు నలుగురికీ కలిపి వెతుకుతారు. కింది మెట్టులో రెండే సీట్లు మిగిలి ఉన్నాయనుకోండి, కంప్యూటర్ నలుగురికీ పై మెట్టు ధరే వేస్తుంది. అందుకని ముందు ఒక్కరికే వెతకండి, తర్వాత ఇద్దరికి, ఆ తర్వాత నలుగురికి. ఒక్కరికి 4,800 చూపించి నలుగురికి తలా 6,200 చూపిస్తే సంగతి అర్థమైనట్టే. అప్పుడు రెండు బుకింగులు చేయండి. అయితే ఒక్కోదాంట్లో ఒక పెద్ద, ఒక పిల్ల ఉండాలి. 12 ఏళ్లలోపు పిల్లలకు అదే పీఎన్ఆర్ (బుకింగు నంబరు)‌లో ఉన్న అమ్మ పక్కనో నాన్న పక్కనో సీటివ్వాలని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024లో ఆదేశించింది. పిల్లలిద్దర్నీ ఒక బుకింగులో, పెద్దవాళ్లిద్దర్నీ ఇంకోదాంట్లో పెడితే ఆ రక్షణ పోతుంది.

పండగ టికెట్టు ఆఖరి వారంలో తగ్గుతుందని కూర్చోవద్దు. భోగికి ముందు నాలుగైదు రోజులు జనమంతా ఇటే వస్తారు, కనుమ దాటాక అటే పోతారు. ఆ రోజుల్లో ఎదురు దిక్కుకు వెళ్లే విమానాలే చవగ్గా ఉంటాయి. అంటే మీరే బెంగళూరు వెళ్తే తక్కువ ఖర్చుతో పోవచ్చు. కానీ పందేలు వదులుకుని రమ్మంటే భీమవరంలో వినేదెవరు? కాబట్టి రెండు మూడు నెలల ముందే కొనండి. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు, ఉదయం 8 గంటలకు తెరుస్తారు. ఒక వైపు రైలు, ఒక వైపు విమానం పెట్టుకునేవాళ్లు ఆ ఉదయం రైలు సంగతి తేల్చుకుని రెండో వైపుకి విమానం తీసుకోవచ్చు. ఎయిర్‌లైన్ సొంత సైటులో కొన్న దేశీయ టికెట్టును, ప్రయాణం వారానికి పైగా ఉంటే, కొన్నాక కనీసం 24 గంటల దాకా రుసుం లేకుండా రద్దు చేసుకోవచ్చు. ఈ వెసులుబాటు చాలామందికి తెలియదు.

మీ ఊరికి మధురపూడి ఎంత దూరమో విజయవాడ విమానాశ్రయమున్న గన్నవరమూ కాస్త అటూ ఇటుగా అంతే. రెండూ చూడండి. కారు కిరాయి బండికి ఒక్కసారే, టికెట్టు తేడా మాత్రం తలకింత. నలుగురు వస్తుంటే తలా 700 తేడాకే 2,800 కలిసొస్తుంది, ఒక్కరే వస్తుంటే అంత దూరం కారెందుకు? ధరను ఎప్పుడూ డబ్బు కట్టే ఆఖరి పేజీలోనే పోల్చండి. కన్వీనియన్స్ ఫీజు తలకు, వైపుకు ఇంతని పడుతుంది. అడక్కుండానే టిక్కు పెట్టి ఉన్న ఇన్సూరెన్సు కూడా ఆ పేజీలోనే బయటపడుతుంది.

ప్రశ్న: చెల్లి కువైట్ వెళ్తోంది. ఏజెంటు వాట్సాప్‌లో ఒక కాగితం పంపి, టికెట్టు కన్ఫర్మ్ అన్నాడు. అది అసలుదో కాదో మాలాంటివాళ్లం ఎలా తెలుసుకోవాలి? ముంబై దాకా ఒక టికెట్టు, అక్కణ్నుంచి వేరే టికెట్టు తీస్తే ఆరేడు వేలు కలిసొస్తాయంటున్నాడు.
– ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: కాగితాన్ని నమ్మకండి, ఎయిర్‌లైన్ సైటును నమ్మండి. కాగితం మీద ఆరు అక్షరాల పీఎన్ఆర్ ఉంటుంది. ఎయిర్‌లైన్ సైటులో ‘మేనేజ్ బుకింగ్’ అన్న చోట ఆ పీఎన్ఆర్, చెల్లెలి ఇంటిపేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే కొట్టండి. బుకింగు కనిపించకపోతే ఏజెంటును నిలదీయాల్సిందే. కనిపించినా అక్కడితో ఆగకండి. డబ్బు కట్టకుండా సీటు పట్టి ఉంచినా పీఎన్ఆర్ వస్తుంది, గడువు దాటగానే అది దానంతటదే రద్దయిపోతుంది. ఏజెంట్లు ఆ కాగితాన్నే చూపించి మిగతా డబ్బు వసూలు చేసుకుంటుంటారు. టికెట్టు నిజంగా తెగితే 13 అంకెల ఈ-టికెట్ నంబరు ఉంటుంది. మొదటి మూడంకెలు ఎయిర్‌లైన్‌వి: ఎయిర్ ఇండియా 098, ఎమిరేట్స్ 176, ఖతార్ 157, కువైట్ ఎయిర్‌వేస్ 229. ఇండిగోలాంటి చవక సంస్థల్లో ఆ నంబరు కనిపించకపోవచ్చు. అక్కడ సైటులో ‘కన్ఫర్మ్డ్’ అని ఉందా, కట్టాల్సిన బాకీ సున్నా చూపిస్తోందా అన్నవి చూసుకోవాలి. ఈ రోజు ఒకసారి, ప్రయాణానికి రెండు రోజుల ముందు ఇంకోసారి చూడండి. కొందరు టికెట్టు కొని చూపించి, తర్వాత రద్దు చేసి రీఫండు జేబులో వేసుకుంటారు.

బుకింగులో ఉన్న ఫోన్ నంబరు ఎవరిదో కూడా చూడండి, చాలాసార్లు ఏజెంటుదే ఉంటుంది. విమానం వేళ మారితే మెసేజ్ అతనికి పోతుంది, మీకు కాదు. ఆ నంబరు మార్పించి మీది పెట్టించండి.

అన్నిటికన్నా ముఖ్యం, పాస్‌పోర్టు మీద ‘ఈసీఆర్’ (వలస అనుమతి తప్పనిసరి) అని ఉందేమో చూడండి. పది పాసవని వాళ్లకు సాధారణంగా ఆ ముద్ర ఉంటుంది. ఆ పాస్‌పోర్టుతో కువైట్‌లో పనికి వెళ్లాలంటే ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ పోర్టల్ ద్వారా అనుమతి కావాలి. ఇంటిపనికైతే ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండి ఉండాలి. అనుమతి లేకుండా వెళ్తే ఇమిగ్రేషన్ కౌంటరులో వెనక్కి పంపుతారు, టికెట్టు డబ్బు గోదారి పాలే. విజిట్ వీసా మీద వెళ్లిపోయి అక్కడ మార్చుకోవచ్చని ఏజెంటు అంటే, ఆ మాటతోనే అతనికి దండం పెట్టి బయటికి రండి.

ఇక రెండు టికెట్ల సంగతి. విడివిడిగా కొన్న టికెట్లకు ఒకదానితో ఒకదానికి సంబంధం ఉండదు. మొదటి విమానం రెండు గంటలు లేటయి రెండోది వెళ్లిపోతే, రెండో సంస్థ లెక్కలో మీ చెల్లి రాలేదంతే. కొత్త టికెట్టు అప్పటి ధరకు కొనాలి. పైగా ముంబైలో పెట్టె తీసుకుని మళ్లీ చెకిన్ చేయాలి, టెర్మినల్ మారితే ఊళ్లోంచి రోడ్డు మీద వెళ్లాలి. మొదటిసారి వెళ్లే మనిషిని ఆరేడు వేల కోసం ఆ గందరగోళంలో పడేయొద్దు. ఒకే పీఎన్ఆర్ మీద ఉంటే మొదటిది లేటయినా గమ్యం చేర్చే బాధ్యత సంస్థదే. అన్నిటికన్నా తేలికైన దారి, రాజోలు నుంచి పాలకొల్లు వచ్చి రైలెక్కి హైదరాబాద్, అక్కణ్నుంచి నేరుగా కువైట్.

తిరుగు ప్రయాణంలో ఒక మెలిక ఉంది. టికెట్టు రాజమండ్రి దాకా ఒకటే ఉన్నా హైదరాబాద్‌లో పెట్టె బెల్టు మీంచి తీసుకుని, కస్టమ్స్ దాటించి, మళ్లీ అప్పగించాలి. అందుకు మూడు గంటలైనా వ్యవధి చూసుకోండి.

ప్రశ్న: తుపానప్పుడు విమానం రద్దయితే నష్టపరిహారం ఇస్తారా?
– ఒక వ్యాపారి, కాకినాడ

జవాబు: పరిహారం ఇవ్వరు, టికెట్టు డబ్బు మాత్రం ఇచ్చి తీరాలి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు మన వైపు విమానాలు చాలా రద్దయ్యాయి. అలాంటప్పుడు పూర్తి రీఫండా, వేరే విమానమా అన్నది ప్రయాణికుడి ఇష్టం. ‘క్రెడిట్’ గా ఉంచుతామంటే ఒప్పుకోనక్కర్లేదు.

అసలు పొరపాటు ముందురోజే జరుగుతుంది. టీవీలో తుపాను హెచ్చరిక చూడగానే కంగారుపడి టికెట్టు మనమే రద్దు చేసుకుంటాం. మనం చేస్తే క్యాన్సిలేషన్ ఛార్జీ పడుతుంది, సంస్థ చేస్తే పడదు. సంస్థ ప్రకటించేదాకా ఆగండి.

తప్పు సంస్థదై, ముందుగా చెప్పకుండా రద్దు చేస్తే పరిహారం ఉంది. గంటలోపు ప్రయాణానికి 5,000, రెండు గంటల్లోపుకు 7,500, అంతకు మించితే 10,000 రూపాయలు. మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం అంతకన్నా తక్కువైతే అదే ఇస్తారు. బుకింగులో మీ ఫోనో మెయిలో లేకపోతే ఈ పరిహారం అడిగే హక్కు పోతుంది. రాజోలు పాఠకురాలికి నంబరు మార్పించమన్నది ఇందుకు కూడా. ఆరు గంటలకు మించి ఆలస్యమైతే వేరే విమానమో, పూర్తి డబ్బో అడగవచ్చు. సంస్థ వినకపోతే ప్రభుత్వం నడిపే ఎయిర్‌సేవా పోర్టల్లో ఫిర్యాదు పెట్టండి. పీఎన్ఆర్, ఎయిర్‌లైన్‌కు పెట్టిన ఫిర్యాదు నంబరు దగ్గరుంచుకోండి.

ఇంకొకటి. ‘నాన్ రిఫండబుల్’ అని రాసి ఉన్న టికెట్టయినా, అసలు విమానమే ఎక్కకపోయినా, విమానాశ్రయ రుసుములు, పన్నులు వెనక్కి రావాలి. అడిగినవాడికే వస్తాయి.

ప్రశ్న: ఆవకాయ, కొబ్బరి, పూతరేకులు విమానంలో తీసుకెళ్లనిస్తారా?
– ఒక గృహిణి, అమలాపురం

జవాబు: ఆవకాయ చేతిసంచిలో వద్దు, పెట్టెలో పెట్టండి. ఊట కారడానికి కారణం పైన గాలి ఒత్తిడి తగ్గడం. జాడీలో మూత కింద మిగిలిన గాలి ఉబ్బి నూనెను బయటికి నెడుతుంది. అందుకని తేలిన నూనె వంచేసి, ప్లాస్టిక్ డబ్బాలో అంచుదాకా కూరి, మూత చుట్టూ టేపు వేసి, రెండు జిప్ కవర్లలో పెట్టి, బట్టల నడుమ నిలబెట్టండి. అమెరికాకైతే కోడి పచ్చడి, మటన్ పచ్చడి పనికిరావు.

కోనసీమ వాళ్లు మరీ గుర్తుంచుకోవాల్సింది కొబ్బరి. కురిడీ కాయలు, ఎండు కొబ్బరి చిప్పలు పెట్టెలో పెడితే తీయించేస్తారు. నూనె ఎక్కువ ఉండటంతో, తనంతట తానే వేడెక్కి అంటుకునే ప్రమాదమున్న సరుకుల జాబితాలో ఎండు కొబ్బరి ఉంది. కొబ్బరికాయను చేతిసంచిలోనూ రానివ్వరు. శబరిమల ఇరుముడికి 2024 అక్టోబరు నుంచి 2025 జనవరి 20 దాకా మినహాయింపిచ్చారు. అలాంటి ప్రకటన ఉన్న రోజుల్లోనే అది చెల్లుతుంది.

గల్ఫ్‌కు వెళ్లే పెట్టెలో గసగసాలు ఒక్క చెంచాడు కూడా వద్దు. దుబాయ్‌లో, సౌదీలో అవి మత్తుపదార్థాల కింద లెక్క, జైలు దాకా పోతుంది. మసాలా పొట్లాల్లో కలిసి ఉన్నాయేమో చూడండి. పవర్ బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి.

పూతరేకులకు ఏ అడ్డూ లేదు. చేతిసంచిలో పైన పెట్టుకోండి. ఏటీఆర్‌లో సీట్ల పైనున్న అర చిన్నది, ట్రాలీ పెట్టెను విమానం మెట్ల దగ్గరే తీసుకుని కింద వేస్తారు. డబ్బా ట్రాలీలో ఉంటే పొడే మిగులుతుంది.

ప్రశ్న: అమెరికాలో ఉన్న అమ్మాయి మాకు టికెట్లు తీస్తోంది. మావారి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. మాకు ఇంగ్లీషు రాదు, మధ్యలో విమానం మారాలంటే భయం.
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: ఇలాంటి పాస్‌పోర్టులకు అమెరికా వీసాలో ఉన్న పేరునంతా ఇంటిపేరు గడిలో వేసి, పేరు గడిలో ‘ఎఫ్ఎన్‌యూ’ (మొదటి పేరు తెలియదు అని) రాస్తారు. టికెట్టు కూడా వీసాలాగే ఉండేలా చూడమనండి. కొన్ని సంస్థలు అదే పేరును రెండు గడుల్లోనూ రాయమంటాయి, కాబట్టి డబ్బు కట్టకముందే ఆ సంస్థనే అడగడం మంచిది. దారిలో దుబాయ్‌లో దిగి ఊరు చూద్దామనుకుంటే మాత్రం ఆగండి. ఒకే పేరున్న పాస్‌పోర్టుకు విజిట్ వీసా మీద ప్రవేశం ఉండదని యూఏఈ 2022 నవంబరులో చెప్పింది. విమానం మారడానికి ఆ ఇబ్బంది లేదు.

భాష భయానికి మందు వీల్‌చైర్ సేవ. బుకింగులోనే, లేదంటే కనీసం 48 గంటల ముందు అడగాలి. వీల్‌చైర్ తోసే మనిషే ఇమిగ్రేషన్ దాటించి రెండో విమానం గేటు దగ్గర దింపుతాడు. విమానానికి విమానానికి మూడు నాలుగు గంటల తేడా ఉండాలి. అబుదాబి మీదుగా అయితే అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే అయిపోతుంది, అందుకు ఇంకాస్త సమయం కావాలి.

తేదీ దగ్గర జాగ్రత్త. గల్ఫ్ మీదుగా పోయే విమానాలు చాలావరకు తెల్లవారుజామునే. టికెట్టులో 18వ తేదీ 3:30 అని ఉంటే 17 రాత్రి భోజనం వేళకే శంషాబాద్‌లో ఉండాలి. మనకు తెల్లారితేగాని తేదీ మారదు, విమానాలకు అర్ధరాత్రే మారుతుంది. ఏటా కొందరు ఒక రోజు ఆలస్యంగా వెళ్లి టికెట్టు పోగొట్టుకునేది ఇందుకే.

ప్రశ్న: వెబ్ చెకిన్‌లో సీటుకు 300 కట్టమంటోంది. కట్టకపోతే ఎక్కనివ్వరా?
– ఒక విద్యార్థి, పాలకొల్లు

జవాబు: ఎక్కనిస్తారు. సీటు ఎంచుకోకుండా వదిలేయండి, ఏదో ఒక సీటు ఊరికే వస్తుంది. ఆ డబ్బు సీటు మీరే ఎంచుకున్నందుకు. మీకు పెట్టె బరువెక్కువుంటే టికెట్టు తీసేటప్పుడు ‘స్టూడెంట్’ ఛార్జీ నొక్కండి. చాలా దేశీయ సంస్థలు అదనంగా 10 కిలోలు ఇస్తాయి. కాలేజీ ఐడీ కార్డు మాత్రం మర్చిపోవద్దు, కౌంటరులో అడుగుతారు.