నొప్పి లేదంటున్నారు, నాకు భయం అక్కడే

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. నాకు 54 ఏళ్ళు. తొమ్మిదేళ్ళుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. మూడేళ్ళ నుంచి ఇంటి వెనక జాగాలో ఏ మందూ కొట్టకుండా కూరగాయలు, ఆకుకూరలు పండించుకుంటున్నాం. ఎరువు అంటే పశువుల పేడే, నీళ్ళలో కలిపి వారానికోసారి మొక్కల మీద చల్లుతాం. పాలు, గుడ్లు, మాంసం పూర్తిగా మానేశాను. పొద్దున్నే చెప్పుల్లేకుండా తోటలో గంటసేపు నడిచి, అప్పుడే కోసిన పచ్చి పాలకూరతో పెద్ద గ్లాసుడు జ్యూస్ తాగుతాను. షుగర్ బాగా తగ్గింది కాబట్టి నాలుగు నెలలుగా మాత్ర సగమే వేసుకుంటున్నాను. పన్నెండు రోజుల కిందట పందిరి కర్రకున్న మేకు అరికాల్లో దిగింది. కలబంద గుజ్జు పెట్టి గుడ్డ కట్టాను. నొప్పేమీ లేదు, కాస్త చెమ్మగా ఉంటోంది అంతే. గాయం తొందరగా మానడానికి జ్యూస్ రెండు గ్లాసులు చెయ్యొచ్చా? మామూలు కూరల కన్నా ఆర్గానిక్ కూరల్లో పోషకాలు ఎక్కువనీ, బీ12 కూడా ఉంటుందనీ అంటారు, నిజమేనా? (పేరు వద్దన్నారు)

డాక్టర్ సమాధానం:

జ్యూస్ సంగతి తర్వాత చూద్దాం. మీ ఉత్తరంలో "నొప్పేమీ లేదు" అన్న దగ్గరే నేను ఆగిపోయాను. అరికాల్లో మేకు దిగితే ఎవరైనా గిలగిల్లాడిపోతారు, రెండు రోజులు కాలు కింద పెట్టలేరు, మీరేమో అదే కాలితో రోజూ తోటంతా తిరుగుతున్నారు. అసలు మేకు దిగిందని మీకెలా తెలిసింది, చురుక్కుమందా, లేక నేల మీద రక్తం చూశాకా? కాస్త గుర్తు తెచ్చుకోండి, డాక్టర్ అడిగితే ఇదే చెప్పాలి. ఏళ్ళ తరబడి షుగర్ ఉన్నవాళ్ళలో చాలామందికి పాదాల్లో స్పర్శ మెల్లమెల్లగా పోతుంది, వాళ్ళకే తెలీదు. గాయం మానుతోంది కాబట్టి నొప్పి లేదా, నరాలు మొద్దుబారాయి కాబట్టి లేదా అన్నది ఉత్తరం చదివి నేను చెప్పలేను, కాలు చూడకుండా ఏ డాక్టరూ చెప్పకూడదు కూడా.

మా ఓపీకి ఒకాయన జ్వరమొచ్చిందని వచ్చారు, బూటు విప్పమంటే ఎందుకండీ అన్నారు. విప్పి కుదిపితే చింతగింజంత రాయి ఒకటి టక్కుమని నేల మీద పడింది, పొద్దుట్నుంచీ దాని మీదే నడిచారట, ఏమీ తెలీలేదు. సాక్సు తీస్తే బొటనవేలి కింద రూపాయి బిళ్ళంత పుండు. అది ఎప్పట్నుంచి ఉందో ఆయనకీ తెలీదు, వాళ్ళావిడకీ తెలీదు.

ఇంకోటి, మీరు రాసిననాటికే పన్నెండు రోజులు. అది పోర్టల్ వాళ్ళ నుంచి నా దగ్గరికొచ్చి, నేను పేషెంటుకీ పేషెంటుకీ మధ్య ఇలా నాలుగు ముక్కలు రాసి, మీరు చదివేసరికి ఇంకో వారం పోతుంది. రాసి అడిగి జవాబు కోసం ఆగగలిగే సమస్యలు చాలా ఉన్నాయి, జుట్టు రాలడం ఉంది, గ్యాస్ ఉంది, షుగర్ ఉన్న మనిషి కాలి గాయం మాత్రం అందులోకి రాదండి. ఇది చదివిన రోజే, వీలైతే ఈ పూటే, దగ్గర్లో ఉన్న సర్జన్‌కో ఫిజీషియన్‌కో పాదం చూపించండి. నన్ను కోపగించుకున్నా ఫర్వాలేదు.

మేకు గాయం చూడ్డానికి చిన్న చుక్కే. పైన చర్మం తొందరగా మూసుకుపోతుంది, లోపల మాత్రం మేకుతో పాటు దిగిన మట్టి, ఒక్కోసారి విరిగిన ముక్క అలాగే ఉండిపోయి చీము పడుతుంది. అది ఎముక దాకా వెళ్ళిందంటే ఆర్నెల్లైనా వదలదు. పన్నెండు రోజులైనా చెమ్మగా ఉందంటున్నారే, అది నాకు నచ్చలేదు. తోటలో తెంపిన కలబంద గుజ్జు శుభ్రమైన మందేమీ కాదు, పైగా జిగటగా పూసి కట్టు కడితే కింద ఏం జరుగుతోందో కనపడదు. ఇక పెట్టకండి. మామూలు నీళ్ళతో కడిగి, శుభ్రమైన పొడి గాజ్ (కట్లు కట్టే పల్చటి గుడ్డ) వేసుకుని వెళ్ళండి. ఎక్స్‌రే తీయాలా, గాయం తెరిచి కడగాలా అన్నది చూసినవాళ్ళు నిర్ణయిస్తారు. మందుల షాపులో అడిగి ఏదో ఒక యాంటీబయాటిక్ మూడు రోజులు మింగే పని మాత్రం పెట్టుకోవద్దు. పాదం ఎర్రబడి వాచినా, వాసనొచ్చినా, ఎక్కడైనా నల్లబడినా, చలిజ్వరం వచ్చినా నేరుగా ఎమర్జెన్సీకే వెళ్ళాలి. షుగర్ వాళ్ళకి లోపల ఇన్ఫెక్షన్ ఉన్నా ఒక్కోసారి జ్వరం రాదు, కాబట్టి జ్వరం లేదుగా అని కూర్చోవద్దు.

ధనుర్వాతం ఇంజెక్షన్ గురించి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. మేకు తుప్పు పట్టలేదు కాబట్టి అక్కర్లేదనుకున్నారేమో, చాలామంది అలాగే అనుకుంటారు. తుప్పుకీ దానికీ సంబంధం లేదు. ఆ క్రిమి గింజల్లాంటి రూపంలో మట్టిలో ఉంటుంది, పశువుల పేగుల్లో, పేడలో ఉంటుంది, అలా ఏళ్ళ తరబడి చావకుండా ఉండగలదు. గాలి ఆడని లోతైన గాయం దొరికితే అక్కడ మొలిచి విషం వదులుతుంది. పేడ నీళ్ళు చల్లిన తోట, ఉత్త కాళ్ళు, లోతుగా దిగిన మేకు, ఇంతకన్నా ఏం కావాలి దానికి? సాధారణంగా 3 నుంచి 21 రోజుల్లో లక్షణాలు బయటపడతాయి, అంటే మీరింకా ఆ గడువులోనే ఉన్నారు. దవడ బిగుసుకోవడం, మింగడం కష్టం కావడం, మెడ పట్టేయడం, వీటిలో ఏది వచ్చినా ఆగొద్దు. పాత లెక్క ప్రకారం మూడు డోసులూ పడి ఉంటే, మట్టి చేరిన గాయానికి చివరి డోసు పడి 5 ఏళ్ళు దాటినా ఇంకోటి వేస్తారు. చిన్నప్పుడు వేశారో లేదో కూడా గుర్తులేకపోతే ఆ విషాన్ని వెంటనే అడ్డుకునే యాంటీబాడీల ఇంజెక్షన్ కూడా అవసరం కావచ్చు, అది అక్కడి డాక్టర్ చూస్తారు. పన్నెండు రోజులైపోయింది ఇప్పుడెందుకు అనుకోవద్దు, ఆలస్యమైనా వేయించుకోవాల్సిందే. మనమందరం టీటీ అని పిలిచే దాని బదులు ఇప్పుడు చాలాచోట్ల టీడీ ఇస్తున్నారు, డిఫ్తీరియాకి కూడా కలిపి ఉంటుంది, వేరే ఇంజెక్షన్ వేశారని కంగారు పడకండి.

మాత్ర సగం చేసుకున్నారు, సరే, ఎవరు చెప్పారు? తిండి మారి, రోజూ ఒళ్ళొంచి తోటపని చేస్తే మందు తగ్గే అవకాశం నిజంగా ఉంది, నేనే కొంతమందికి తగ్గించాను, కాదనను. కానీ తగ్గింది అంటే ఏ టెస్టులో తగ్గింది? పొద్దున్నే ఇంట్లో వేలికి గుచ్చి చూసుకున్న అంకెతో సరిపెడితే సగం కథే తెలిసినట్టు. గత రెండు మూడు నెలల సరాసరి చెప్పే హెచ్‌బీఏ1సీ చేయించండి. ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉంటే షుగర్ పెరుగుతుంది, షుగర్ పెరిగితే గాయం మానదు, ఈ రెండూ ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయి. అలాగని ఇది చదివి ఈ రాత్రే పాత డోసు మొదలుపెట్టేయకండి, ముందు క్రియాటినిన్ అనే రక్తపరీక్ష చూడాలి, కిడ్నీ పనితీరు తెలీకుండా మెట్‌ఫార్మిన్ పెంచడం మంచిది కాదు.

క్రియాటినిన్ అన్నాను కాబట్టి జ్యూస్ దగ్గరికి వద్దాం. రెండు గ్లాసులు కాదు కదా, ప్రస్తుతానికి ఉన్న ఒక్క గ్లాసు కూడా ఆపండి. పాలకూరలో ఆక్సలేట్ ఎక్కువ, కిడ్నీలో రాళ్ళు కట్టడానికి కారణమయ్యే పదార్థం అది. వండుకుని తింటే ఎంత తింటారు, ఒక కప్పు. మిక్సీలో వేస్తే పెద్ద కట్ట ఆకు కూడా రెండు గుక్కల్లో కడుపులోకి పోతుంది, అదీ రోజూ, ఏళ్ళ తరబడి. ఇలాంటి పచ్చి జ్యూసులతో రాళ్ళే కాదు, కిడ్నీలు దెబ్బతిన్న కేసులు కూడా వైద్య పత్రికల్లో వచ్చాయి. అందరికీ అవుతుందని అనను, షుగర్ ఉన్నవాళ్ళు ఆ పందెం కట్టకూడదంటాను. ఆకుని ఉడికించి ఆ నీళ్ళు పారబోస్తే ఆక్సలేట్ చాలావరకు పోతుంది, అలా తినండి, ఏ ఇబ్బందీ లేదు. రక్తం పల్చబడే వార్ఫరిన్ లాంటి మాత్ర వాడుతుంటే మాత్రం ఆకుకూర ఒక్కసారిగా పెంచినా తగ్గించినా డాక్టర్‌కి చెప్పాలి. మీరైతే ఆ మాత్ర గురించి రాయలేదు.

పచ్చిది వద్దనడానికి ఇంకో కారణం ఆ పేడ నీళ్ళు. ఆకుల మీద చల్లి, అదే ఆకు కోసి, వేడి తగలకుండా తాగడమా! కుళాయి కింద కడిగితే అన్నీ పోవు. 2011లో జర్మనీలో ఈ-కోలి (E. coli) అనే పేగుల బాక్టీరియా వ్యాపించి 50 మందికి పైగా చనిపోయారు, చాలామందికి కిడ్నీలు పాడయ్యాయి. మొదట దోసకాయల్ని అనుమానించారు, చివరికి మొలకల దగ్గర తేలింది, అవి పెంచింది ఒక ఆర్గానిక్ పొలంలో. అక్కడ మూలం దిగుమతైన మెంతుల విత్తనాలు అన్నారు, పేడ కాదు, కానీ నేను చెప్పేది ఏంటంటే ఆర్గానిక్ అన్న మాట విని క్రిములేమీ భయపడవు. అమెరికా ఆర్గానిక్ నిబంధనల్లోనే ఉంది, మాగని పేడ వేస్తే మట్టికి తగిలే పంటలు 120 రోజులు, మిగతావి 90 రోజులు ఆగి కోయాలి. కుప్ప వేసి మాగబెట్టాలన్నా లోపల 55 డిగ్రీలు దాటి వేడెక్కాలి, 15 రోజుల పాటు ఆ వేడి నిలవాలి, కనీసం ఐదుసార్లు తిరగెయ్యాలి. అలా మాగిన ఎరువు మొదట్లో మట్టికి వెయ్యండి, ఆకుల మీద చల్లకండి.

పోషకాల ప్రశ్నకి క్లుప్తంగా: 2012లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 200కి పైగా అధ్యయనాలు కలిపి చూస్తే విటమిన్లలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు, పురుగుమందుల అవశేషాలు మాత్రం ఆర్గానిక్ వాటిలో తక్కువున్నాయి. అది మంచిదే, మీ తోట మానేయమని నేను అనడం లేదు.

బీ12 మాత్రం ఆ కూరల్లో రాదండి. అది తయారుచేసేవి బాక్టీరియా, మనకు అందేది పాలు, గుడ్లు, మాంసం లాంటి వాటి నుంచి, మీరు మూడేళ్ళుగా అవన్నీ మానేశారు. దానికి తోడు మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే బీ12 తగ్గుతుంది. తగ్గితే ఏమవుతుంది, కాళ్ళు తిమ్మిర్లు, మొద్దుబారడం. మళ్ళీ ఆ అరికాలి దగ్గరికే వచ్చాం చూశారా. షుగర్ వల్ల పోయిన స్పర్శ తిరిగి రావడం కష్టం, బీ12 వల్లైతే తొందరగా పట్టుకుంటే చాలావరకు బాగవుతుంది, అందుకే ఆ టెస్టు తప్పకుండా రాయించుకోండి. తక్కువుంటే మాత్రో ఇంజెక్షనో ఇస్తారు. కెమికల్ అని వద్దనకండి, బీ12ని కూడా బాక్టీరియాతో పులియబెట్టే తీస్తారు, మీ ఎరువు కుప్పలాగే.

డాక్టర్ దగ్గర రెండు పాదాలూ చూపించండి, ఒక్కటే కాదు. సన్నటి నైలాన్ దారంతో తాకి స్పర్శ చూస్తారు, రెండు నిమిషాల పని. అందులో తేడా వస్తే ఉత్త కాళ్ళతో నడక ఇక పూర్తిగా మానెయ్యాలి, తోటలోనే కాదు ఇంట్లో కూడా. స్పర్శ ఉందన్నా ఈ గాయం మానేదాకా ఆ కాలి మీద బరువు తగ్గించండి. ధనుర్వాతం ఇంజెక్షన్ వేశాక పేరు, తేదీ ఒక కాగితం మీద రాయించుకుని ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి, ఈసారి ఎవరైనా అడిగితే గుర్తులేదనే పని ఉండదు.